తోటివాని మాట
ఒక పాత పుస్తకమును, ఒక క్రొత్త ఉద్యోగమును గూర్చి



ఒక మనిషి మనస్సు చెదరినప్పుడు, లేక త్రాగుడు వానిని పట్టుకొని విడువనప్పుడు, వానియొద్దకు ఎవరు వెళ్లవలెను? డాక్టరుగారా? పాదిరిగారా? ఇంటివారా? లేక ఒకప్పుడు అదే గోతిలో పడి లేచి వచ్చినవాడా? ఈ ప్రశ్న నేడు మన పల్లెలకు కూడ వచ్చినది. త్రాగుడు మానినవారికిని, మనోవ్యాధినుండి కోలుకొనినవారికిని కొంతకాలము తరిఫీదు ఇచ్చి, సర్టిఫికెట్టు చేతికిచ్చి, అట్టి బాధలోనే యున్న ఇతరులకు తోడుగా నుండుటకు జీతముమీద నియమించు పద్ధతి పరదేశములలో విస్తరించినది. మన దేశములోను మొలకెత్తినది. ఇంగ్లీషువారు దీనిని పీర్ సపోర్ట్ అందురు. మనము తోటివాని తోడు అని చెప్పుకొందము.

ఇది మంచిదా? మంచిదైన యెడల ఎంతవరకు మంచిది? సంఘములోని ఒక యౌవనస్థుడు, ‘అయ్యగారూ, నేను నాలుగేండ్ల క్రిందట సారా మానితిని. ఈ తరిఫీదుకు వెళ్లుదునా?’ అని అడిగినయెడల మీరు ఏమి చెప్పుదురు? ఊరక అవుననుటగాని కాదనుటగాని సులభమే. అయితే విచారించి చెప్పుట మన విధి. ఆ విచారణకు సాయపడునని ఒక పాత పుస్తకమును మీ యెదుట పెట్టుచున్నాను. దాని గుణమును చూతము, దాని లోపమును కూడ చూతము. తరువాత నేటి ఉద్యోగమును దాని ప్రక్కన నిలువబెట్టి పరీక్షింతము.

పుస్తకములోని సంగతి

క్లిఫర్డ్ బీర్స్ అను అమెరికా దేశస్థుడు 1908వ సంవత్సరము మార్చి నెలలో ‘ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్’ అను గ్రంథమును ప్రకటించెను. తన్ను తాను కనుగొనిన మనస్సు అని ఆ పేరునకు అర్థము. హార్వర్డు పండితుడైన విలియం జేమ్స్ వ్రాసిన ఉత్తరము దానికి పీఠికగా నున్నది.

బీర్స్ 1876లో పుట్టెను. కనెక్టికట్ రాష్ట్రములోని న్యూహేవెన్ వాని ఊరు. యేల్ విశ్వవిద్యాలయములో చదివినవాడు. వాని సోదరునికి మూర్ఛరోగము వచ్చెను. అది తనకును వచ్చునను భయము ఈ యువకుని మనస్సులో పురుగువలె చేరి తొలువసాగెను. 1900లో ఆ భయము భరింపలేక, తమ ఇంటి పై అంతస్తు కిటికీనుండి తన్ను తాను పడవేసికొనెను. పాదముల ఎముకలు విరిగినవి గాని ప్రాణము దక్కెను. అది మొదలు 1903 వరకు మూడు ఆసుపత్రులలో గడిపెను.

ఆ కాలములో వాని మనస్సు వానికి చెప్పిన అబద్ధములను పుస్తకములో దాచక వ్రాసినాడు. తన్ను చూడవచ్చు తండ్రి తండ్రి కాడు, సోదరుడు సోదరుడు కాడు; వారు తన వారి రూపము ధరించిన గూఢచారులు. పెట్టిన భోజనములో ఏదో కలిపినారు. గోడమీది నీడలు సహితము తనకై పన్నిన ఉరులు. కావున సుమారు రెండేండ్లు ఇంటివారితో దాదాపు నోరు విప్పనే లేదు. డాక్టర్లు వచ్చిరి, పోయిరి. బంధువులు బ్రతిమాలిరి. ఆ గోడ కదలలేదు.

ఆ గోడను కదిలించినది ఎవరో తెలియునా? అదే ఆసుపత్రిలోని మరియొక రోగి. అతనికి ఊరిలోనికి వెళ్లివచ్చుటకు సెలవు కలదు. బీర్స్ తన అనుమానమును రహస్యముగా అతనితో చెప్పెను. వారు నిజమైన బంధువులేనని ఆ స్నేహితుడు నచ్చజెప్పజూచెను.  ఊరిలోనికి వెళ్లినప్పుడు న్యూహేవెన్ నగరవాసుల పేర్ల పుస్తకము విప్పి చూచి, ‘నీ సోదరుని పేరు, చిరునామా అందులో నున్నవి’ అని తిరిగివచ్చి చెప్పెను. అప్పుడు బీర్స్ ఒక ఉత్తరము వ్రాసెను: నీవు నిజముగా నా సోదరుడవైన యెడల ఈ ఉత్తరమును చేతపట్టుకొని రమ్మని దాని సారాంశము. స్నేహితుడు దానిని తపాలాలో వేసెను. 1902 ఆగస్టు 30వ తేదీన సోదరుడు వచ్చెను. వాని చేతిలో ఆ ఉత్తరము ఉండెను. రెండేండ్ల భ్రమ ఆ క్షణమున కూలెను.

కథ అక్కడ ముగియలేదు. కృంగిన మనస్సు మితిమీరి ఉప్పొంగెను. బీర్స్ రాత్రింబగళ్లు వ్రాయసాగెను, ఆజ్ఞాపింపసాగెను. చేతులను రొమ్ముమీద మడిచి వెనుకకు బిగించి కట్టివేయు గట్టి కాన్వాసు చొక్కాలో వానిని బంధించిరి. పరిచారకులు కొట్టుట కన్నులార చూచెను. అల్లరి రోగుల వార్డులో ఏమి జరుగుచున్నదో చూడవలెనని కావలెనని అక్కడికి చేరెను. రాష్ట్ర గవర్నరుకు ఉత్తరము వ్రాసి పంపెను. 1903లో బయటకు వచ్చి, అయిదేండ్లలో ఈ పుస్తకము తెచ్చెను. వెంటనే 1908లో కనెక్టికట్‌లో ఒక సంఘమును, 1909లో దేశమంతటికి మానసిక ఆరోగ్య సంఘమును స్థాపించుటకు కారకుడాయెను.

దాని గుణము

ఈ గ్రంథమునకు మొదటి గుణము సత్యము. తన పిచ్చిని అలంకరించలేదు, తగ్గించలేదు. రెండవ గుణము మరింత విలువైనది. మతి చెదరినవానిలో మతి బొత్తిగా లేదని మనము తలంతుము. ఈ పుస్తకము అట్లు కాదని చూపుచున్నది. బీర్స్ ఆలోచించుచునే యున్నాడు. ఆధారములు వెదకుచునే యున్నాడు. దారి తప్పినవాడు నడక మానలేదు, అంతే. ‘వానికేమి తెలియును, పిచ్చివాడు’ అని గుమ్మములో నిలువబడి వాని యెదుటనే మాటలాడువారు ఈ పుస్తకమును చదివిన పిమ్మట ఆ మాట అనలేరు.

మూడవ గుణము, నా దృష్టికి ముఖ్యమైనది, ఆ స్నేహితుని సంగతియే. అతడు చేసిన పనిని మరల నిదానముగా చూడుడు. మొదట, విన్నాడు.  రెండవది, తనకు సాధ్యమైన ఒక చిన్న పని చేసినాడు: పేర్ల పుస్తకము చూచి వచ్చినాడు. మూడవది, పరీక్షను బాధపడువాని చేతికే విడిచిపెట్టినాడు. నేడు ఈ ఉద్యోగమునకిచ్చు తరిఫీదులో గంటల తరబడి బోధించు విషయములు చాలవరకు ఈ మూడే. ఆ రోగికి ఎవరు తరిఫీదు ఇచ్చిరి? ఎవరును ఇయ్యలేదు. అదే వార్డులో నిద్రించినవాడు గనుక, అనుమానమనగా ఎట్టిదో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

దాని లోపము

అయితే విమర్శకుడు లోపమును కూడ చెప్పవలెను. పుస్తకములో ఆ స్నేహితునికి దక్కిన స్థలము స్వల్పము, పేరైనను లేదు. కథ ముందుకు పోయినకొలది గ్రంథకర్త దృష్టి తన గొప్ప ఉద్యమముమీదికి మరలినది. గవర్నర్లు, పండితులు, ధనికులు పుటలలోనికి వచ్చిరి. తోటి రోగులు వెనుకకు జరిగిరి. ఇది పుస్తకమునకే పరిమితమైన లోపము కాదు. ఆ సంఘములును వైద్యుల చేతులలోనికి, దాతల చేతులలోనికి పోయినవి. రోగుల మేలుకొరకు ఎన్నో మంచి పనులు జరిగినవి. అయితే కోలుకొనిన రోగిని పిలిచి, ‘నీవు వచ్చి నీ తోటివానితో కూర్చుండుము’ అని పనిలో పెట్టుట ఆ ఉద్యమమునకు ముఖ్యము కాలేదు. తన్ను రక్షించిన చేతిని గ్రంథకర్త కాదనలేదు గాని, దానిని ఒక మార్గముగా గుర్తింపలేదు.

ఆ మార్గము అంతకుముందే కొందరికి తెలియును. 18వ శతాబ్దము చివర పారిస్ నగరపు బిసెత్రు ఆసుపత్రిలో పూసెన్ అను అధికారి కోలుకొనిన రోగులనే పరిచారకులుగా ఎన్నుకొనెడివాడు. వారు రోగిని కొట్టరని అతని నమ్మకము. ఇతడును ఒకప్పుడు అక్కడే గండమాలకు చికిత్స పొందిన రోగి. అక్కడి మతిచెదరినవారి సంకెళ్లు తీయించినది ఇతడే.

మరియొక పేర్ల పట్టిక

ఇక త్రాగుడు సంగతి. 1935లో అమెరికాలోని ఏక్రన్ అను పట్టణమునకు బిల్ విల్సన్ అను వ్యాపారి వచ్చెను. త్రాగుడు మాని అయిదు నెలలాయెను. వచ్చిన పని చెడెను. చేతిలో డబ్బు లేదు. హోటలులో ఒకవైపు మద్యశాల సందడి. మరియొకవైపు, గోడమీద పట్టణములోని చర్చిల పట్టిక. అతడు రెండవదానివైపు తిరిగెను. ఒక పాదిరిగారికి ఫోను చేసి, తనవంటి త్రాగుబోతు ఎవరైనను ఉన్నాడా, అతనితో మాటలాడవలెనని అడిగెను. ఆ పాదిరిగారు ప్రసంగము చేయలేదు. కొన్ని పేర్లు ఇచ్చిరి. ఆ పేర్లవెంట పోగా పోగా, మే 12వ తేదీన బాబ్ స్మిత్ అను డాక్టరు దొరకెను. ఆయనయు త్రాగుడుచేత నాశనమగుచున్నవాడే. పదిహేను నిమిషములని కూర్చుండిన డాక్టరు కొన్ని గంటలు లేవలేదు. జూన్ 10న ఆయన కడసారి త్రాగెను. ఆ దినమే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అను సహవాసమునకు పుట్టినదినముగా ఎంచబడుచున్నది. ఆ సహవాసము 1957లో మన దేశమునకు వచ్చినది.

ఇందులో పాదిరులకు ఒక పాఠము కలదు. ఏక్రన్‌కు రాకముందు విల్సన్ న్యూయార్కులో నెలల తరబడి త్రాగుబోతులకు బోధించెను, ఒక్కడును నిలువలేదు. సిల్క్‌వర్త్ అను డాక్టరు, ‘బోధ తగ్గించుము, ముందు ఈ వ్యాధి ఎట్టిదో చెప్పుము’ అను భావముతో అతనికి సలహా ఇచ్చెను. ఏక్రన్‌లో అతడు చేసినది అదే. తన బోధ చెప్పలేదు. తన జబ్బు చెప్పెను. మరియు అతడు వెళ్లినది స్మిత్‌ను రక్షించుటకు కాదు. తాను ఆ రాత్రి త్రాగకుండుటకు. ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు అను భేదము అక్కడ లేకపోయెను. తోటివాని తోడునకు వేరు ఇక్కడనే యున్నది.

నేటి ఉద్యోగము

ఇప్పుడు ఉద్యోగమునకు వత్తము. 1999లో అమెరికాలోని జార్జియా రాష్ట్రము, పేదల వైద్యమునకైన ప్రభుత్వ నిధినుండి ఇట్టి తోటి సహాయకుల పనికి సొమ్ము చెల్లించుట ప్రారంభించెను. 2007లో ఆ దేశపు కేంద్రప్రభుత్వము రాష్ట్రములన్నిటికి ఉత్తరము వ్రాసి, ఈ సహాయకునికి తరిఫీదు, ధ్రువీకరణ, పైఅధికారి పర్యవేక్షణ, రోగి చికిత్సా ప్రణాళికతో సంబంధము ఉండవలెనని నియమించెను. 2023లో వెలువడిన జాతీయ ప్రమాణములు 40 మొదలు 60 గంటల తరిఫీదు చాలునని సూచించినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇందుకు పాఠములను ప్రకటించెను. మన దేశములో, గుజరాత్ రాష్ట్రపు ప్రభుత్వ ఆసుపత్రులలో 2014లో ప్రారంభించిన ఒక ప్రయత్నములో, కోలుకొనినవారిని తోటి సహాయకులుగా తీసికొనిరి.

ఆ తరిఫీదులో ఏమి నేర్పుదురు? తన కథను ఎప్పుడు చెప్పవలెను, ఎప్పుడు మానవలెను, ఎదుటివాడు చెప్పునది అడ్డుపడక వినుట, రహస్యము కాపాడుట, అప్పు ఇయ్యకుండుట, పుచ్చుకొనకుండుట, తానే డాక్టరనుకొని మందు మార్పకుండుట, ఎదుటివాడు చనిపోవలెనని పలికినప్పుడు వెంటనే ఎవరిని పిలువవలెను అనునది, తన పాత వ్యాధి తిరిగి తలయెత్తునప్పటి గురుతులు.

ఫలితమేమి? 2013లో కోక్రేన్ సంస్థవారు 11 పరీక్షలను, వాటిలో పాలుగొనిన 2,796 మందిని గూర్చి విచారించిరి. మనోవ్యాధిగలవారి విషయములో ఈ తోటి సహాయకులు, అదే పని చేయు ఇతర ఉద్యోగులకంటె మేలు గాను కీడు గాను లేరని తేలెను. కొందరికి ఇది నిరాశ కలిగించును. నాకు అట్లు తోచలేదు. నిన్నటిదాక ‘పనికిరానివాడు’ అని ఊరు త్రోసివేసిన మనిషి చదువుకొనిన ఉద్యోగితో సమానముగా పనిచేసెనని చెప్పుట చిన్న సంగతి యగునా? 2020లో అదే సంస్థవారు త్రాగుడు విషయములో 27 అధ్యయనములను చూచి, ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సహవాసమునకు క్రమముగా నడిపించు పద్ధతి, బొత్తిగా త్రాగక నిలుచుటలో ఇతర చికిత్సలకంటె ఎక్కువ ఫలించుచున్నదని చెప్పిరి.

తరిఫీదు ఎందుకు?

ఇక్కడ మీరు అడుగుదురు: ‘బీర్స్ స్నేహితునికి తరిఫీదు లేదు. విల్సన్‌కు సర్టిఫికెట్టు లేదు. ప్రేమయున్న చాలును గదా?’

చాలదు. ఒక్క దృష్టాంతము చెప్పెదను. దీనిని దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, మొదటి రెండు దినములలోనే ఫిట్స్ రావచ్చును. రెండు మొదలు నాలుగు దినములలో విపరీతమైన వణుకు, చెమట, జ్వరము, లేనివి కనబడుట, మనుష్యులను గుర్తుపట్టలేకపోవుట సంభవింపవచ్చును. చికిత్స లేనియెడల ప్రాణమే పోవచ్చును. ఇది దయ్యము కాదు, నటన కాదు. సారాకు అలవాటుపడిన నరముల తిరుగుబాటు. దీనికి ఆసుపత్రిలో మందులు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు కలవు. మంచి మనస్సుతోనే, ‘నేను ఒక్కదినమున మానితిని, నీవును మానుము’ అని అట్టివానిని గదిలో పెట్టి గొళ్లెము వేసి, బయట ప్రార్థించువారు కలరు. ప్రార్థన మంచిదే. గొళ్లెము చంపును. తాను సులభముగా మానినవాడు, అందరికి అట్లే యగునని తలంచును. వాని అనుభవము సత్యమే. అయితే అది ఒక్కని అనుభవము. ఆ ఒక్కనిని దాటి చూచుటకే తరిఫీదు. అనుభవము తలుపు తెరచును. లోపలికి పోయిన తరువాత ఎక్కడ అడుగు పెట్టకూడదో చెప్పునది తరిఫీదు.

నాలుగు ఆక్షేపణలు

అయినను ఈ పద్ధతిని నేను కన్నులు మూసికొని పొగడలేను.

మొదటిది, గంటలు తక్కువ. 60 గంటలలో ఎవడును మనుష్య హృదయమును నేర్చుకొనలేడు. తరిఫీదు తరువాత అనుభవజ్ఞుడొకడు వారము వారము ప్రక్కన కూర్చుండి, ‘ఈ వారము ఏమి జరిగినది? నీవు ఎట్లున్నావు?’ అని అడుగనిచో ఆ 60 గంటలు ఇసుకమీది గీతలే. సర్టిఫికెట్టు ఇచ్చి పంపివేయు సంస్థలను నమ్మవద్దు.

రెండవది, చౌక. మన దేశములో లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడైనను లేడని 2015–16 జాతీయ సర్వే చూపినది. ఈ లోటు తీర్చుటకు సర్కారుగాని ఆసుపత్రిగాని డాక్టరుకు బదులుగా తోటివానిని పెట్టి, తక్కువ జీతముతో ఎక్కువ పని చేయించుకొనుట చూచుచున్నాము. డాక్టరు చేయు పని వేరు, తోటివాడు చేయు పని వేరు. ఒకడు మరియొకని కుర్చీలో కూర్చున్న యెడల ఇద్దరి పనియు చెడును. ‘వీరు సేవ చేయుచున్నారు గదా, జీతమెందుకు?’ అనువారికి నా ప్రత్యుత్తరమిది: ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సహవాసములో ఒకరికొకరు చేయు సాయమునకు రూపాయి పుచ్చుకొనరు, అది స్నేహము. అయితే దినమెల్ల ఆసుపత్రి వార్డులో నిలువబడువాడు కూలి విడిచి వచ్చినవాడు. వాని శ్రమకు జీతము న్యాయము. రెంటిని కలిపివేయకూడదు.

మూడవది, కథను సరుకు చేయుట. జీతము పనికి గాని, కన్నీటికి కాదు. ప్రతి సభలోను లేచి, తన పతనమును అదే వరుసలో, అదే కంఠముతో చెప్పుమని ఉద్యోగిని పీడించు యజమానులు కలరు. చెప్పగా చెప్పగా ఆ కథ వానిది కాకపోవును. ఈ తప్పు ఆసుపత్రులది మాత్రమే కాదని మీకు తెలియును. మూడు వారముల క్రిందట త్రాగుడు మానినవానిని ఉజ్జీవకూటముల వేదికమీద నిలువబెట్టి, పూలదండ వేసి, సాక్ష్యము చెప్పించుచున్నాము. నెల తిరుగకమునుపు వాడు పడిపోయిన యెడల, ఆ సిగ్గుచేత మరల గుడి గడప త్రొక్కడు. వానిని పడద్రోసినది సారా; లేవకుండ చేసినది మన పూలదండ.

నాలుగవది, సహాయకుని స్వంత ఆరోగ్యము. దీనికి బీర్స్ జీవితాంతమే సాక్షి. ముప్పది సంవత్సరములు ఇతర రోగులకొరకు పాటుపడిన ఆ మనిషి 1939లో మరల మానసిక ఆసుపత్రిలో చేరి, 1943లో అక్కడనే మరణించెను. కొందరు దీనిని చూపి, ‘చూచితిరా, అట్టివారు బాగుపడరు’ అందురు. అది క్రూరమైన మాట, అబద్ధపు మాట కూడ. మధుమేహముగల డాక్టరు ముప్పది ఏండ్లు వైద్యము చేసి, చివరకు అదే జబ్బుతో ఆసుపత్రిలో పడినయెడల, ఆయన వైద్యము వ్యర్థమందుమా? ఆ ముప్పది ఏండ్ల పని నిజము. అయితే పాఠము మాత్రము విడువరాదు: తోడు ఇచ్చువానికి తోడు కావలెను. ఎవరికైనను తోటి సహాయకుని పని అప్పగించునప్పుడు, ‘వీడు కృంగినప్పుడు వీనిని ఎవరు చూతురు?’ అని ముందుగా అడుగుడు. జవాబు లేనియెడల అప్పగింపవద్దు.

మన సంఘములలో

2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము, త్రాగుడు సమస్యకు సాయము అవసరమైనవారు ఈ దేశములో సుమారు 5.7 కోట్లమంది. వారిలో కొందరు మన బెంచీలమీద, మన చాపలమీద కూర్చున్నవారే. లేక కూర్చుండుటకు సిగ్గుపడి బయట వేపచెట్టు క్రింద నిలిచినవారు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొనుచు సారాకు ఎదురుతిరిగిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. వారి ఉద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించినది. 1995లో మద్యనిషేధము వచ్చినది, 1997లో పోయినది. ఆ స్త్రీలు చేసినది గొప్ప పని. అయితే చట్టము దుకాణము మూయగలదు గాని, రాత్రి రెండు గంటలకు చేతులు వణకుచున్నవాని ప్రక్కన కూర్చుండలేదు. ఆ పనికి మనిషి కావలెను.

మనోవ్యాధి విషయములో మన స్థితి ఇంకను శోచనీయము. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు నివాసము అంటుకొనినప్పుడు, సంకెళ్లతో కట్టివేయబడిన 28 మంది రోగులు పారిపోలేక కాలి చనిపోయిరి. అది ఇతరుల సంగతి యనుకొనవద్దు. స్వస్థత పేరిట మనుష్యులను కట్టివేసిన ప్రార్థనాగృహములు కూడ ఉన్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధిగలవానిని ఏ రీతిగాను గొలుసుతో కట్టరాదని నిషేధించినది. చట్టము లేకున్నను మనకు తెలిసియుండవలసిన సంగతి అది.

కాబట్టి నా సలహా సంగ్రహముగా చెప్పెదను. ఆ యౌవనస్థుడు తరిఫీదుకు వెళ్లుదునా అని అడిగినప్పుడు, వెళ్లుమని చెప్పుడు. అయితే నాలుగు సంగతులు విచారించుడు. కనీసము ఒక సంవత్సరమైనను నిలుకడగా నున్నాడా? తరిఫీదు తరువాత వానిని పర్యవేక్షించువారు ఎవరు? జీతము న్యాయమైనదా? వానికి తన కష్టము చెప్పుకొనుటకు ఒక మనిషి కలడా? ఈ నాలుగింటికి జవాబు దొరకినయెడల, వాని బస్సుచార్జీ సంఘపు కానుకలనుండి ఇచ్చుట వ్యర్థము కాదు.

తరిఫీదునకు పోలేనివారు కూడ చేయదగిన పని కలదు. ఏక్రన్‌లోని ఆ పాదిరిగారివలె ప్రతి సంఘములోను ఒక పట్టిక ఉంచుడు: మన తాలూకాలో మానసిక వైద్యుడు ఎక్కడ కూర్చుండును, ఏ దినమున, త్రాగుడు మాన్పించు ఆసుపత్రి ఏది, మన చుట్టుప్రక్కల మానినవారు, ఒకరితో మాటలాడుటకు ఇష్టపడువారు ఎవరు. 2022 అక్టోబరు 10 నుండి ప్రభుత్వమువారు మనోవేదనకు 14416 అను ఫోను ఉచితముగా నడుపుచున్నారు; తెలుగులో మాటలాడవచ్చును. త్రాగుడు, మత్తుమందుల విషయములో 14446. ఈ రెండు అంకెలను గుడి తలుపు ప్రక్కన సుద్దతో వ్రాసినను చాలును. స్త్రీల సమాజమువారు, బైబిలు స్త్రీలు ఈ సంగతులను ఇంటింటికి చేర్చగలరు. త్రాగుబోతు భార్యయొక్క తోడు మరియొక త్రాగుబోతు భార్యయే గదా.

ముగింపు

బీర్స్ పుస్తకమును చదువదగిన గ్రంథమనియే నా అభిప్రాయము. ఇంగ్లీషు వచ్చిన ఉపాధ్యాయులు, పట్టణములో చదువు మన పిల్లలు దానిని చదివి, సాయంకాలపు కూటములలో తెలుగులో కథగా చెప్పవచ్చును. చెప్పునప్పుడు గ్రంథకర్త తొందరగా దాటిపోయిన చోట మీరు నిలువుడు. రాష్ట్ర గవర్నరుయొద్ద, పండితుని పీఠికయొద్ద కాదు. పేరు లేని ఆ రోగియొద్ద. పెద్ద సంఘములు స్థాపించుటకు బీర్స్ వంటివారు కావలెను, వారు అరుదు. పేర్ల పుస్తకము విప్పి చూచి, నిజము తెలిసికొని వచ్చి, ఒక ఉత్తరము తపాలాలో వేయువారు ప్రతి ఊరిలోను ఉండగలరు. తరిఫీదు వారిని జాగ్రత్తగలవారినిగా చేయును, జీతము వారిని నిలువబెట్టును. అయితే మొదట వారిని గుర్తించి పిలువవలసినవారు మనము. మీ ఊరిలో అట్టివాడు ఎవడో, చదువరీ, బహుశః మీకు ఇప్పటికే తెలియును.